క్లాసిక్ స్పోర్ట్స్ కారు బ్రేకుల పునరుద్ధరణ

పాతతరం స్పోర్ట్స్ కారుకు తయారీదారు మొదట బిగించిన బ్రేకు భాగాలను పారేయకుండా, వాటినే శుభ్రపరచి, కొలిచి, అరిగిన మేరకు బాగుచేసి తిరిగి పనిచేయించడాన్ని మూల బ్రేకుల పునరుద్ధరణ అంటారు. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, కాలిపర్లు, డ్రమ్ములు, డిస్కులు, షూలు, గొట్టాలు, వాక్యూమ్ సర్వో దీని పరిధిలోకి వస్తాయి. కొత్త నమూనా భాగాలు తెచ్చి బిగించడం మార్పిడి కిందికి వస్తుంది. దాన్ని పునరుద్ధరణగా లెక్కించరు. సాధారణ మరమ్మతు బండిని మళ్లీ రోడ్డెక్కించడంతో ముగుస్తుంది. పునరుద్ధరణలో భాగం రూపం, కొలత, దానిపై పోతలో పడిన తయారీ సంఖ్య కూడా నిలవాలి.

ఇంజన్, బాడీ పునరుద్ధరణలతో పోలిస్తే ఇక్కడ ఒక పరిమితి ఎక్కువ. పాత సీటు తోలు చిరుగులతో ఉన్నా దాన్ని ప్రామాణికతగా మెచ్చుకోవచ్చు. పాత రబ్బరు సీలుకు ఆ మన్నన లేదు. అందువల్ల బ్రేకుల విషయంలో మూలం అన్న మాట లోహపు పోతలకు, వాటి రూపకల్పనకు వర్తిస్తుంది. రబ్బరు, రాపిడి పదార్థం, బ్రేక్ ఆయిల్ ఎప్పుడూ కొత్తవే ఉండాలి. ఈ వ్యాసంలోని పద్ధతులన్నీ ఈ విభజన మీదే ఆధారపడి ఉన్నాయి.

చారిత్రక నేపథ్యం

డ్రమ్ బ్రేకును నేటి రూపానికి దగ్గరగా తెచ్చినవాడు ఫ్రాన్స్‌కు చెందిన లూయీ రెనో (1902). అదే ఏడాది ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకు పేటెంటు పొందాడు. అప్పటి లోహాలు, లైనింగులు అందుకు తట్టుకోలేకపోవడంతో డిస్కు దాదాపు అర్ధ శతాబ్దం పక్కనే ఉండిపోయింది. తొలి కార్లలో బ్రేకులు వెనక చక్రాలకే పరిమితం. కడ్డీలు, తీగలతో లాగే ఆ ఏర్పాటులో చక్రానికో తీరుగా బ్రేకు పడేది. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో కనిపించే నిజాం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆ తరానికి చెందిన బండి. ఆ మోడల్‌కు నాలుగు చక్రాల బ్రేకులు 1920లలో గాని రాలేదు.

ద్రవపీడనంతో పనిచేసే బ్రేకు మాల్కమ్ లాక్‌హీడ్ కృషి. 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ కారులో నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. బ్రిటన్‌లో లాక్‌హీడ్, గర్లింగ్ పేర్లతో వచ్చిన భాగాలే తర్వాతి నాలుగు దశాబ్దాల స్పోర్ట్స్ కార్లలో ఎక్కువగా కనిపిస్తాయి.

డిస్క్ బ్రేకుకు పేరు తెచ్చింది పందెం. 1953 ల మాన్స్ 24 గంటల పోటీలో డన్‌లప్ డిస్కులతో దిగిన జాగ్వార్ సి-టైప్ గెలిచింది. ప్రత్యర్థుల డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలుతుంటే, జాగ్వార్ డ్రైవర్లు మలుపుకు బాగా దగ్గరయ్యాక బ్రేకు తొక్కగలిగారు. మూడేళ్లకే, 1956లో, ట్రయంఫ్ టీఆర్3 ముందు చక్రాలకు గర్లింగ్ డిస్కులతో మార్కెట్లోకి వచ్చింది. జాగ్వార్ ఎక్స్‌కే 150 (1957), ఎంజీఏ ట్విన్ కామ్ (1958), జాగ్వార్ ఇ-టైప్ (1961) నాలుగు చక్రాలకూ డన్‌లప్ డిస్కులు వాడాయి. ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ (రెండూ 1962) ముందు డిస్కు, వెనక డ్రమ్ము అన్న మధ్యేమార్గం పట్టాయి. నేడు పునరుద్ధరణకు వచ్చే బండ్లలో ఈ మిశ్రమ ఏర్పాటు ఉన్నవి చాలా ఎక్కువ.

1968 నుంచి అమెరికాలో కొత్త కార్లకు రెండు విడి వలయాల బ్రేకు వ్యవస్థ తప్పనిసరి అయింది. అంతకు ముందరి బండ్లలో చాలావాటికి ఒకే వలయం ఉంటుంది. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. మూల బ్రేకులను నిలుపుకోవాలనుకునేవారు ముందుగా గుర్తించాల్సిన ప్రమాదం ఇదే.

పనిచేసే తీరు

ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా పాకుతుందన్న పాస్కల్ సూత్రమే హైడ్రాలిక్ బ్రేకుకు ఆధారం. పెడల్ మీద 30 కిలోల బలం పడిందనుకుందాం. 5:1 నిష్పత్తి గల పెడల్ దాన్ని 150 కిలోలుగా మాస్టర్ సిలిండర్‌కు అందిస్తుంది. సిలిండర్ లోపలి వ్యాసం 0.70 అంగుళాలైతే, అంటే సుమారు 17.8 మి.మీ. అయితే, గొట్టాల్లో పీడనం దాదాపు 60 బార్ అవుతుంది. అదే పీడనం 54 మి.మీ. కాలిపర్ పిస్టన్ మీద పడితే ప్యాడును డిస్కుకు అదిమే బలం సుమారు 1,400 కిలోలు.

ఈ లెక్క పునరుద్ధరణలో నేరుగా అక్కరకొస్తుంది. అరిగిన మాస్టర్ సిలిండర్ బదులు దొరికిందే చాలని 0.75 అంగుళాల సిలిండర్ బిగిస్తే, అదే తొక్కుడుకు పీడనం 13 శాతం తగ్గిపోతుంది. పెడల్ గట్టిగా తగులుతుంది, బ్రేకు మంచిగా ఉందనిపిస్తుంది, బండి మాత్రం ఆలస్యంగా ఆగుతుంది. బయటికి ఒకేలా కనిపించే భాగాల మధ్య ఇలాంటి తేడాలు ఉంటాయి కనుక లోపలి వ్యాసం కొలవకుండా ఏ సిలిండర్నీ మార్చకూడదు.

డ్రమ్ బ్రేకులో షూ అంచు డ్రమ్ము తిరిగే దిశలో ఉంటే రాపిడే దాన్ని డ్రమ్ము వైపు మరింత లాగి బలం పెంచుతుంది. అలాంటి షూను లీడింగ్ షూ అంటారు. ముందు చక్రాలకు రెండు లీడింగ్ షూలు అమర్చిన స్పోర్ట్స్ కార్లు ముందుకు వెళ్లేటప్పుడు బాగా ఆగుతాయి. వెనక్కి దొర్లేటప్పుడు వాటి పట్టు తక్కువ. డిస్క్ బ్రేకులో ఈ స్వయం సహాయం ఉండదు. అందుకే బరువైన కార్లలో ఇంజన్ శూన్యాన్ని వాడుకునే సర్వో చేరింది.

పాడయ్యే కారణాలు

నడిపిన బండి బ్రేకులు అరుగుతాయి. నిలిపిన బండి బ్రేకులు తుప్పు పడతాయి. పునరుద్ధరణకు వచ్చేవాటిలో రెండో రకమే ఎక్కువ. గ్లైకాల్ ఆధారిత బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ నీరు సిలిండర్ అడుగున చేరి పోత ఇనుము గోడను గుంటలు పడేలా తింటుంది. ఆ గుంటల మీదుగా కదిలిన సీలు అంచు చిట్లిపోతుంది. కాలిపర్ పిస్టన్ల క్రోమియం పూత పొక్కులు లేచి, కింది ఉక్కు ఉబ్బి, పిస్టన్ పట్టేస్తుంది. పట్టేసిన పిస్టన్ ప్యాడును వదలదు; డిస్కు కాలి నీలంగా మారుతుంది.

నీరు చేరిన ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత కూడా పడిపోతుంది. అమెరికా ప్రమాణం ప్రకారం డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ చేరాక ఈ హద్దు 140. డాట్ 4కు ఇవి 230, 155. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే పెడల్ నేలకు దిగిపోతుంది.

రబ్బరుకు దాని సొంత చరిత్ర ఉంది. తొలినాటి బ్రేక్ ఆయిల్ ఆముదం, ఆల్కహాలుల మిశ్రమం. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట పొలాల్లో పండే ఆముదం గింజల నూనె ఒకప్పుడు ఇంత పనిచేసేదన్న సంగతి తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చు. ఆ కాలపు సహజ రబ్బరు సీళ్లు దానికి సరిపడేలా చేసినవే. ఖనిజ తైలం తగిలితే అవి ఉబ్బిపోతాయి. ఇంజన్ ఆయిల్ గాని, గ్రీజు గాని ఒక్క చుక్క రిజర్వాయర్లో పడినా సీళ్లన్నీ మార్చక తప్పదు.

తీరప్రాంత పరిస్థితులు: హోప్ టౌన్

తుప్పు విషయంలో భారతదేశంలోని కఠిన వాతావరణాలకు అండమాన్ దీవులు ఉదాహరణ. దక్షిణ అండమాన్‌లో, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ రేవుకు ఉత్తరపు ఒడ్డున హోప్ టౌన్ ఉంది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో హత్య జరిగిన చోటుగా ఇది చరిత్రకెక్కింది. ఏడాదికి దాదాపు 3,000 మి.మీ. వర్షం, నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ, ఏడాది పొడవునా తేమ, ఉప్పు గాలి: ఇవన్నీ కలిసే చోట ఇనుప బ్రేకు గొట్టం మైదాన ప్రాంతాల్లో నిలిచినన్నాళ్లు నిలవదు.

రేవుకు ఇరువైపులా ఉన్న చాతాం, బాంబూ ఫ్లాట్ల మధ్య వాహనాలను దాటించే ఫెర్రీ మీద బండి కింది భాగానికి ఉప్పు తుంపర తగలడం మామూలు. విడిభాగాలు విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడలో రావాలి. 2011 జనగణనలో దీవుల జనాభాలో సుమారు 13 శాతం తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారే కనుక విశాఖతో రాకపోకలు గట్టివి.

ఇలాంటి చోట నిలిపే పాత కారుకు మూడు జాగ్రత్తలు ముఖ్యం. ఉక్కు గొట్టాల స్థానంలో రాగి-నికెల్ మిశ్రమ గొట్టాలు వేయాలి. 90 శాతం రాగి, 10 శాతం నికెల్ గల ఈ మిశ్రమాన్ని ఓడల్లో సముద్రపు నీటి గొట్టాలకు వాడతారు. ఉప్పును ఇది బాగా తట్టుకుంటుంది. మైదానంలో రెండేళ్లకు మార్చే బ్రేక్ ఆయిల్‌ను ఇక్కడ ఏడాదికే మార్చడం మంచిది. మూడోది, బండిని కదపకుండా నెలల తరబడి ఉంచరాదు. హ్యాండ్ బ్రేకు వేసి వదిలేస్తే షూలు డ్రమ్ముకు అంటుకుపోతాయి. చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టి హ్యాండ్ బ్రేకు వదిలి ఉంచాలి.

పునరుద్ధరణ విధానం

విప్పడం, కొలవడం. విప్పే ముందు ప్రతి భాగానికీ ఫొటో తీసి, ఎడమ, కుడి గుర్తులు రాసి పెట్టాలి. పట్టేసిన కాలిపర్ పిస్టన్‌ను బయటికి తీయడానికి గాలి పీడనం వాడితే అది తూటాలా దూసుకొస్తుంది. గ్రీజు గన్‌తోనో, బండి సొంత హైడ్రాలిక్ పీడనంతోనో నెమ్మదిగా నెట్టడం క్షేమం. గర్లింగ్, లాక్‌హీడ్ కాలిపర్ల రెండు అర్ధభాగాలను విడదీయవద్దని తయారీదారుల మాన్యువళ్లు సాధారణంగా హెచ్చరిస్తాయి. తొలి డన్‌లప్ కాలిపర్ల నిర్మాణం వేరు. వాటి సిలిండర్లు విడిగా బోల్టులతో బిగిసి ఉంటాయి. పిస్టన్‌ను వెనక్కి లాగే పిన్ను లోపలే ఉంటుంది. ఈ పిన్ను పట్టు సరిగా లేకపోతే ప్యాడు ఎప్పుడూ డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. మూల డన్‌లప్ భాగాలు బాగుచేయడంలో ఎక్కువ నైపుణ్యం కోరేది ఇదే.

సిలిండర్లకు స్లీవ్. గీతలు సన్నగా ఉంటే లోపలి గోడను రాపిడితో నునుపు చేసే హోనింగ్ చాలు. గుంటలు పడితే హోనింగ్‌తో వాటిని పోగొట్టాలని చూడకూడదు; లోపలి వ్యాసం పెరిగి సీలు వదులవుతుంది. అప్పుడు సిలిండర్‌ను లేత్ మీద పెద్దది చేసి, ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్ (లోపలి తొడుగు) దించి, దాన్ని మళ్లీ మూల కొలతకు బోరింగ్ చేస్తారు. ఆయిల్ వచ్చిపోయే సన్నని రంధ్రాలను స్లీవ్‌లో తిరిగి వేయాలి. మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్‌ను వెనక్కి వదిలే రంధ్రం చాలా సన్నం; దాని అంచు గరుకుగా మిగిలితే కొత్త సీలు త్వరగా తెగుతుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లారీల సిలిండర్లకు స్లీవ్ వేసే చేయి తిరిగిన లేత్ పనివారు ఉన్నారు. కొలత అంగుళాల్లో స్పష్టంగా రాసిచ్చి, రంధ్రాల నమూనా చూపించి చేయించుకుంటే వారి పనితనం ఈ అవసరానికి సరిపోతుంది. స్లీవ్ వేసిన సిలిండర్ బయటికి మూలరూపంలోనే ఉంటుంది, లోపల తుప్పు పట్టదు. ప్రామాణికతకూ భద్రతకూ ఇంతగా పొత్తు కుదిరే పని ఈ రంగంలో మరొకటి లేదు.

కాలిపర్లు. క్రోమియం పోయిన పిస్టన్ల బదులు స్టెయిన్‌లెస్ పిస్టన్లు వేయడం సర్వత్రా అంగీకరించిన పద్ధతి. అవి బయటికి కనిపించవు. లాక్‌హీడ్, గర్లింగ్ కాలిపర్లలో చదరపు కోత గల రబ్బరు సీలు పిస్టన్‌తో పాటు కొద్దిగా వంగి, పీడనం తగ్గగానే తిరిగి నిటారై పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. అందువల్ల సీలు కూర్చునే గాడిలో తుప్పు మిగలకూడదు. బయటి పోతకు తొలినాటి కాడ్మియం పూత బదులు జింకు పూత వేస్తారు, కాడ్మియం విషపూరితం. మందపాటి పౌడర్ కోటింగ్ బోల్టు కూర్చునే ముఖాల మీద పడితే బిగువు సడలుతుంది.

డ్రమ్ములు, డిస్కులు, లైనింగులు. గాడి పడిన డ్రమ్మును లేత్ మీద టర్నింగ్ చేయించవచ్చు, కానీ తయారీదారు చెప్పిన గరిష్ఠ వ్యాసం దాటకూడదు. ఒక ఇరుసుకున్న రెండు డ్రమ్ములనూ ఒకే కొలతకు తేవాలి. అల్యూమినియం రెక్కలను ఇనుప వలయానికి అతికించిన ఆల్ఫిన్ డ్రమ్ములు దొరకడం కష్టం. వాటిలో రెండు లోహాలు విడిపోయాయేమో తట్టి, శబ్దం విని చూస్తారు. డిస్కు మందం కనిష్ఠానికి దిగితే దాన్ని కాపాడే ప్రయత్నం వద్దు. బిగించాక డిస్కు ఊగుడు సాధారణంగా 0.1 మి.మీ. మించకుండా డయల్ గేజ్‌తో చూడాలి. పాత షూలకు కొత్త లైనింగు రివెట్లతో గాని, జిగురుతో గాని అతికిస్తారు. పందెపు రకం గట్టి లైనింగులు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు. రోడ్డు మీద తిరిగే బండికి మెత్తని రకమే తగినది.

గొట్టాలు, సర్వో. వంచే రబ్బరు గొట్టాలను ఎంత బాగున్నా మార్చాల్సిందే. లోపలి పొర ఊడి వాల్వులా అడ్డుపడితే ఆయిల్ వెళ్తుంది గాని తిరిగి రాదు, చక్రం పట్టేస్తుంది. బ్రిటిష్ బండ్లలో నట్ల మరలు యూఎన్‌ఎఫ్ రకం. మెట్రిక్ నట్టు ఒకటి రెండు చుట్లు తిరిగి బిగిసినట్టే అనిపించి మరను పాడుచేస్తుంది. గొట్టం చివర మడత కూడా అమరికను బట్టి మారుతుంది. డబుల్ ఫ్లేర్ ఉండాల్సిన చోట బబుల్ ఫ్లేర్ పెడితే కారుతుంది. సర్వో సీలు పోయినప్పుడు బ్రేక్ ఆయిల్ ఇంజన్‌లోకి వెళ్లి పొగగొట్టం నుంచి దట్టమైన తెల్లని పొగ వస్తుంది.

ఆయిల్ ఎంపిక, గాలి తీయడం. సిలికాన్ ఆధారిత డాట్ 5 తేమ పీల్చదు, పెయింటును చెరపదు. ప్రదర్శన బండ్ల యజమానులు దీన్ని ఇష్టపడతారు. అయితే గాలి బుడగలను పట్టి ఉంచి పెడల్‌ను మెత్తబరచే గుణం దీనికుంది. గ్లైకాల్ ఆయిల్‌తో కలపకూడదు. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 సిలికాన్ కాదు, గ్లైకాల్ రకమే. తరచుగా నడిపే బండికి డాట్ 4 సరిపోతుంది. గాలి తీయడం సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు అత్యంత దూరంలోని చక్రంతో మొదలవుతుంది. స్టీరింగ్ కుడివైపున్న బండ్లలో అది ఎడమ వెనక చక్రం. చివరగా పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టుకుని ప్రతి అతుకునూ పొడి కాగితంతో తడిమి చూస్తారు.

భారతదేశంలో విడిభాగాల లభ్యత

మద్రాసుకు చెందిన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ కార్లను తయారుచేసింది. ఇది ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్‌కు భారతీయ రూపం. స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు అదే హెరాల్డ్ పునాది మీద పుట్టింది. ఈ చుట్టరికం వల్ల స్పిట్‌ఫైర్ వెనకనున్న 7 అంగుళాల డ్రమ్ములకు పనికొచ్చే భాగాల కోసం దక్షిణాది పాత సామాన్ల దుకాణాల్లో వెతకడం వృథా కాదు. కొలిచి చూసుకున్నాకే కొనాలి. టీవీఎస్, గర్లింగ్ భాగస్వామ్యంతో 1962లో మద్రాసు పాడిలో బ్రేక్స్ ఇండియా మొదలైంది. 1964 నుంచి రానే బ్రేక్ లైనింగ్స్ రాపిడి పదార్థాలు తయారుచేస్తోంది. బ్రిటిష్ రూపకల్పనలు ఈ గడ్డ మీద తయారైన చరిత్ర ఉండటం భారతీయ పునరుద్ధరణకారులకు అనుకూలం.

ఆరోగ్య జాగ్రత్తలు

1980ల ముందరి లైనింగుల్లో అత్యధికం ఆస్‌బెస్టాస్‌తో చేసినవి. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరి ఆస్‌బెస్టోసిస్, క్యాన్సర్లకు దారితీస్తుంది. భారత సుప్రీంకోర్టు 1995లో ఆస్‌బెస్టాస్ పరిశ్రమల కార్మికుల ఆరోగ్య రక్షణకు ఆదేశాలిచ్చింది. డ్రమ్ము విప్పగానే ఎయిర్ గన్‌తో ఊదడం మన షెడ్లలో పాతుకుపోయిన అలవాటు, అది మానుకోవాలి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. క్లోరిన్ గల బ్రేక్ క్లీనర్ ఆరకముందే వెల్డింగ్ చేస్తే ప్రాణాంతకమైన ఫాస్జీన్ వాయువు పుడుతుంది.

ప్రామాణికత, చట్టం

చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ ఛార్టర్, మార్పు తప్పనప్పుడు అది సాధ్యమైనంత తక్కువగా ఉండాలనీ, తిరిగి తీసేయగలిగేలా ఉండాలనీ, రాతలో నమోదు కావాలనీ కోరుతుంది. ఒకే వలయపు మాస్టర్ సిలిండర్ స్థానంలో రెండు వలయాలది బిగించవచ్చా అన్నది ఇప్పటికీ వాదంలో ఉన్న ప్రశ్న. రోడ్డు మీద తిరిగే బండికి ఈ మార్పు సమర్థనీయం; తీసిన మూల సిలిండర్‌ను బాగుచేసి, బండితో పాటే భద్రపరచాలి.

భారత ప్రభుత్వం 2021 జూలైలో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించవచ్చు. రాష్ట్ర కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలతో సంఖ్య ఇస్తారు. తొలి నమోదు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. పునర్నమోదు రుసుము 5,000. ఇలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం, మరమ్మతులకు మాత్రమే రోడ్డు మీదికి తేవాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో గణనీయమైన మార్పులు జరిగి ఉండకూడదన్నది అర్హత షరతు. ఆ షరతులో బ్రేకుల ప్రస్తావన లేదు.